కదలనివాడు లేనట్టేనా?

ఆరాంఘర్ అన్న మాటకు విశ్రాంతి గృహమని అర్థం. 2009లో వచ్చిన పీవీ నరసింహారావు ఎక్స్‌ప్రెస్ వే దిగి శంషాబాదు వైపు సాగితే ఆ దారిలోనే మా కార్యాలయ భవనం ఉంది. అందులో విశ్రాంతిగా కూర్చున్న మనిషి లేనట్టే లెక్క. ఇది అలంకారం కాదు, ఆ భవనానికి రాసిపెట్టిన నియమం: పది నిమిషాలు కదలిక కనబడకపోతే గది ఖాళీ, గది ఖాళీ అయితే దీపాలార్పు.

చదువుకుంటూండగా చీకటి కమ్మడం, చేతులు గాల్లో ఊపి వెలుతురు తెచ్చుకోవడం మాకు అలవాటే. నవ్వుకునేవాళ్ళం కూడా. సెల్లారులో రాత్రి కాపలా కాసే పెద్దాయనకు రెండు రోజుల జీతం కోసిన నాటి నుంచి నాకు నవ్వు రావడం లేదు. సెన్సరు చిట్టాలో రాత్రి రెండు నుంచి మూడున్నర దాకా 'ఎవరూ లేరు' అని ఉందట. ఆయన ఉన్నాడు. కుర్చీలో, గేటుకేసి చూస్తూ, చీకట్లో. "లైటు పోయినప్పుడల్ల లేచి చెయ్యి ఊపుమన్నరు సారూ. మోకాళ్ళు లేస్తలేవు" అన్నాడు నాతో.

(సెన్సరు వేరు, సినిమాల సెన్సారు వేరు అని మిత్రులు దిద్దనక్కరలేదు. ఇదీ కోతలే కోస్తోంది.)

పైకప్పుకు అంటించిన ఆ తెల్లని బిళ్ళ చూసేది మనిషిని కాదు. తన చూపు మేరను గళ్ళుగా విడగొట్టుకుని, ఒక గడి నుంచి మరో గడికి వేడి జరిగిందా అని మాత్రమే కనిపెడుతుంది. కదలని దేహం దానికి గోడతో సమానం. మే నెలలో సెల్లారు గాలి ఒంటి వేడికి దగ్గరవుతుంటే ఆ తేడా పట్టడం మరీ కష్టం. పైగా తీగలు లేని పరికరం. నాణెమంత బ్యాటరీ మీద ఏళ్ళు గడపాలి కనుక, కబురు పంపగానే తన రేడియోను నిద్రపుచ్చుతుంది. నిద్రపోతూ బతికే యంత్రం, మేలుకుని ఉన్న మనిషి మీద సాక్ష్యం చెబుతోంది!

మన భాట్ట మీమాంసకులు 'అనుపలబ్ధి'ని ప్రమాణంగా ఒప్పుకున్నారు. కనబడకపోవడం లేకపోవడానికి రుజువే. కాని ఒక షరతు పెట్టారు: ఉండి ఉంటే కనబడి తీరాలి. చీకటి గదిలో కుండ కనబడలేదని కుండ లేదనరాదు. ఈ భవనం చేస్తున్నదేమిటి? తానే దీపమార్పి, కుండ లేదంటోంది. కదలిక లేదన్నది గమనిక, మనిషి లేడన్నది ఊహ, జీతం కోయడం శిక్ష. ఈ మూడింటినీ ఒకే గొలుసుకు కట్టిన చెయ్యి సెన్సరుది కాదు, మనిషిది.

కరెంటు ఆదా వద్దా అని అడుగుతారు. కావాలి. 2004లో అబ్దుల్ కలాం గారు ప్రారంభించిన హైదరాబాదు గ్రీన్ బిజినెస్ సెంటర్ గాలి గోపురాలతో, నడిమి వాకిళ్ళతో ఆ పని చేసి చూపింది. మాధవి ఇంద్రగంటి గారు 2008లో మన నగరపు అపార్టుమెంట్లలో మనుషులనే అడిగి, వారికి హాయి అనిపించేది 29 డిగ్రీల దగ్గర అని తేల్చారు. మా భవనం ఎవరినీ అడగకుండా 23 దగ్గర వణికించి, కాపలావాడి ఒక్క దీపం దగ్గర పొదుపు నేర్పుతోంది.

సెల్లారులో ఒక మామూలు మీట పెట్టమనీ, చిట్టాను హాజరుపట్టీగా వాడవద్దనీ రాసిచ్చాను. జవాబు లేదు. ఆ రాత్రుల చిట్టా మాత్రం అడిగి తెప్పించుకున్నాను. మూడున్నరకు మళ్ళీ 'మనిషి ఉన్నాడు' అని నమోదయింది. ఆ సమయానికి ఏం జరిగిందో పెద్దాయనకు బాగా గుర్తుంది. పిల్లి వచ్చింది.