దీపం వెలిగింది, బండి కదలలేదు

ఈసారి డిపాజిట్ల సంగతి పక్కనబెట్టి బండి సంగతి చెబుతాను. మన సభ్యుల ఇళ్ళలో పాత డీజిల్ కార్లు ఇంకా కొన్ని ఉన్నాయి కనుక ఎవరికైనా పనికిరావచ్చు.

మా అంబాసిడర్ విజయనగరంలో ఉన్నన్నాళ్ళూ ఒక్కనాడూ మొరాయించలేదు. బదిలీ మీద కొరాపుట్ వచ్చాక, మొదటి జనవరిలోనే ఒక తెల్లవారుజామున మా మామగారికి ఆయాసం వచ్చింది. తాళం తిప్పాను. డాష్‌బోర్డు మీద హీటర్ దీపం వెలిగి ఆరింది. సెల్ఫ్ కొడితే ఇంజను గిర్రున తిరిగిందేగాని అందుకోలేదు. వెనుక తెల్లటి పొగ. చివరికి పక్కింటివారి జీపులో ఆసుపత్రికి పరుగెత్తాం. దేవుడి దయవల్ల ఆయన కోలుకున్నారు. "మీ బండికీ నాకూ ఒకటే జబ్బు అల్లుడుగారూ, చలి పడదు" అని నవ్వారు. నాకు నవ్వు రాలేదు.

ఒక షెడ్డులో బ్యాటరీ మార్చారు. మరో చోట సెల్ఫ్ మోటారు విప్పి బిగించారు. డబ్బు పోయింది, జబ్బు పోలేదు. ఆఖరికి జయపురంలో ఒక ముసలి ఎలక్ట్రీషియన్ అసలు మాట చెప్పాడు. "ఆ దీపం హీటర్లు వేడెక్కాయని చెప్పదు బాబూ. వేడెక్కడానికి టైము ఇచ్చానని మాత్రమే చెబుతుంది." వోచరు పాసైనంత మాత్రాన డబ్బు చేతికి అందినట్టు కాదని రోజూ చెప్పే నాకే ఇది తట్టలేదు!

డీజిల్ ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. గాలిని బాగా నొక్కితే పుట్టే వేడికే డీజిల్ అంటుకుంటుంది. చలిలో ఆ వేడిని ఇనుము పీల్చేస్తుంది. అందుకే సిలిండరుకొకటి చొప్పున గ్లో ప్లగ్గులు, అంటే మన మెకానిక్కులు చెప్పే హీటర్ ప్లగ్గులు. మైదానపు ఎండల్లో ఒకటి రెండు కాలిపోయినా బండి కదులుతుంది. మొండిబాకీలాగా లోపం లోపలే దాగి, కొండమీద చలిలో బయటపడుతుంది.

పరీక్ష ఇలా చేయాలి. ముందు బ్యాటరీ: ఊరికే ఉన్నప్పుడు 12.5 వోల్టుల దాకా ఉండాలి. తర్వాత ఒకరిని తాళం తిప్పమని, ప్లగ్గులను కలిపే రేకు మీద మీటరు పెట్టండి. 10, 11 వోల్టులు వస్తే కరెంటు అక్కడిదాకా చేరుతున్నట్టే. ఏమీ రాకపోతే ఫ్యూజు, రిలే, వైరు వరసగా చూడాలి. ఒక్కో ప్లగ్గు పది ఆంపియర్లకు పైగా లాగుతుంది. కనుక బోల్టు దగ్గర కాస్త తుప్పు పట్టినా వేడి తగ్గిపోతుంది.

కరెంటు వస్తుంటే ప్లగ్గులనే అనుమానించాలి. రేకు తప్పక విప్పండి. లేకపోతే ఒక మంచి ప్లగ్గు మిగతావాటి లోపాన్ని కప్పేస్తుంది. టెస్టు బల్బు ఒక కొస బ్యాటరీ ప్లస్సుకు తగిలించి, రెండోది ఒక్కో ప్లగ్గు తలకు ఆనించండి. వెలిగితే తీగ తెగలేదు. వెలగకపోతే ఆ ప్లగ్గు చచ్చినట్టే. మాకు నాలుగింటిలో ఒక్కటే వెలిగింది!

మార్చేటప్పుడు ఇంజను గోరువెచ్చగా ఉండాలి, మరకు నూనె పట్టించాలి. బలవంతం చేస్తే ప్లగ్గు హెడ్డులోనే విరుగుతుంది. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, హెడ్డు దొరకడం తేలిక కాదు. హీటర్లున్న ఇంజనులోకి ఈథరు స్ప్రే కొట్టవద్దు, ప్రమాదం. కొత్తరకం బండ్లలో తక్కువ వోల్టుల ప్లగ్గులుంటాయి, వాటికి నేరుగా 12 వోల్టులు ఇవ్వకూడదు.

నాలుగు ప్లగ్గులకు అయిన ఖర్చు, అనవసరంగా కొన్న బ్యాటరీ ఖరీదులో సగం కూడా లేదు. ఇప్పుడు కార్తీకమాసం రాగానే ఆ బల్బు పట్టుకుని బండి ముందు నిలబడతాను. మామగారు కుర్చీ వేయించుకుని, "నాలుగూ వెలిగాయా?" అని అడుగుతారు. వెలిగాయని చెప్పాకే లోపలికి వెళతారు.