తెలుపు సరిచేయడమంటే పిల్లను తెల్లచేయడమా?

మా కంబదూరు పెళ్లి ఆల్బములు చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ఎండలో చెనక్కాయలు పెరికిన పిల్ల చామనఛాయలో కళగా ఉంటుంది. ఆల్బంలో మాత్రం సున్నం కొట్టిన గోడ! అదేమంటే "వైట్ బ్యాలెన్స్ చేసినానక్కా" అంటాడు ఫోటోగ్రాఫరు.

వైట్ బ్యాలెన్స్ దిద్దేది వెలుగు రంగునమ్మా, ఒంటి రంగును కాదు. ఫ్లాష్ వెలుగు సుమారు 5500 కెల్విన్. పందిట్లో పసుప్పచ్చ బల్బుది 3000 లోపు. ఒక్క లెక్క రెండింటికీ కుదరదు కనుక ముఖం మీది బల్బు ఆర్పించాలి. ఫ్లాష్‌కు తొడిగే డిఫ్యూజరు పాతబడి పసుపెక్కితే ఆ ఛాయా ముఖం మీదే పడుతుంది. అందుకే దాన్ని తొడిగే ఉంచి, పెళ్లికూతురి ముఖం పక్కన బూడిదరంగు అట్ట పెట్టి ఒక ఫోటో తీసి, కెమెరాకు అదే కొలతగా ఇవ్వాలి. నిమిషం పని! నీలిమందు పెట్టిన తెల్ల రుమాలు పనికిరాదు; దాని తెలుపులోనే నీలం ఉంది.

ఈ జబ్బు మన ఊరిదే కాదు. ఒకప్పుడు కోడాక్ వారు రంగులు సరిచూడ్డానికి ల్యాబులకు పంపిన 'షర్లీ కార్డు' మీద ఉన్నది తెల్లజాతి యువతే. చాక్లెట్లు, చెక్కసామాన్లు సరిగా రావడం లేదని 1960, 70లలో వ్యాపారులు మొరపెట్టుకుంటే గానీ ముదురు రంగులకు ఫిలిము బాగుపడలేదట. మనిషి ముఖం కంటే చాక్లెట్టుకే పరపతి!

అయితే "మా పాప తెల్లగా రావల్లప్పా" అని అతని చెవిలో ఊదేదెవరు? తల్లులే కదూ! తన రంగే తప్పని ఆ పిల్లకు జీవితాంతం చెప్పే ఆల్బం ఎందుకమ్మా? బయానా ఇచ్చేముందే అడగండి: "నాయనా, బూడిదరంగు అట్ట ఉందా?"