ఆరోగ్య విషయములు: అలసిన కాళ్లతో గంతులు



"ఆడుపిల్ల గంతులు వేయరాదు" అను మాట మన యిండ్లలో నింకను వినబడుచునే యున్నది. పాఠశాలలో వాలీబాలో ఖోఖోయో ఆడు బాలిక యొకనాడు మోకాలు పట్టుకొని కుంటుచు నింటికి వచ్చినచో ఆ మాటకు బలము చేకూరును; ఆనాటితో ఆట సరి. గంతు చెడ్డది కాదనియు, అలసిన కాళ్లతో గంతులు వేయించుటయే చెడ్డదనియు మా యభిప్రాయము. ఈ భేదమును తల్లులు తెలిసికొనినచో పెక్కుమంది బాలికలకు ఆట దక్కును.

ఎగురబోవు పిల్లను గమనింపుడు. ముందుగా మోకాళ్లు వంచి క్రిందికి దిగి, వెంటనే పైకి లేచును. ఆ దిగుట వృథా కాదు. తొడ ముందరి కండలు, పిరుదు కండలు, పిక్కలు అప్పుడు సాగును. మడమ వెనుకనున్న లావుపాటి స్నాయువు రబ్బరు త్రాడువలె బిగువెక్కును. ఆ బిగువే పైకి లేచునప్పుడు తోడ్పడును. వంగి కొంతసేపు అట్లే నిలిచి, పిమ్మట ఎగిరినచో అంత యెత్తు రాదు. ఇంటిలో పరీక్షించి చూడవచ్చును. ఈ పనియంతయు ఒక్క క్షణములో ముగియవలెను గనుక కండకు బలమును కావలెను, వేగమును కావలెను. అలసట ఈ రెంటిని గూడ తగ్గించును. నడకలో నేమియు తెలియనీయని అలసట గంతులో బయటపడుటకు కారణ మిదియే.

అలసట యనగా నేమి? కండలలో ఫాస్ఫోక్రియేటిన్ అను పదార్థము కొద్దిగా నిలువ యుండును. మిక్కిలి తీవ్రమైన పనికి అది సుమారు పది సెకనులకంటె నెక్కువ చాలదు. విశ్రమించినచో అర నిమిషములో రమారమి సగమును, మూడు నాలుగు నిమిషములలో చాల భాగమును తిరిగి చేరును. కావున గంతుల నడుమ రెండు నిమిషములు కూర్చుండిన పిల్లను సోమరి యనరాదు. పూర్వము అలసటకెల్ల లాక్టికామ్లమే కారణమనెడివారు. ఆ యామ్లమును గూర్చి శోధించిన మేయర్‌హాఫ్ పండితునకు 1922వ సంవత్సరపు నోబెల్ బహుమానములో భాగము లభించినది. నేటి శాస్త్రజ్ఞులు ఆ నిందను ఆమ్లముపై నంతగా మోపరు. కండలో ఫాస్ఫేటు పేరుకొనుట, కండను బిగియజేయు కాల్షియము చాలినంత విడుదల కాకుండుట, మెదడునుండి వచ్చు ఆజ్ఞయే సన్నగిల్లుట ముఖ్య కారణము లందురు.

నిమిషములలో తీరని అలసట మరియొకటి కలదు. ఎగిరి దిగునప్పుడు కండ సాగుచునే శరీరపు బరువు నాపవలసి యుండును. అలవాటు లేనివారికి దీనివలన కండపోగులు సూక్ష్మముగా దెబ్బతిని, మరునాడును మూడవనాడును నొప్పి చేయును. అది తగ్గుటకు దినములు పట్టును. పోటీకి ముందునాడు నూరు గంతులు వేయించు ఉపాధ్యాయులు ఈ సంగతి నెరుగవలెను.

2017 ఆగస్టు 27వ తేదీన గ్లాస్గో నగరమున ప్రపంచ బ్యాడ్మింటన్ పోటీల తుదియాటలో మన పి. వి. సింధు జపాను దేశపు ఒకుహరాతో 110 నిమిషములు పోరాడి ఓడిపోయినది. రెండవ గేము చివరి పాయింటు ఒక్కదానికే 73 దెబ్బలు నడచినవి. అంతసేపు ఆ కాళ్లు నిలిచిన వనిన వాటి వెనుక ఏండ్ల తరబడి సాధన యున్నది. నిన్న మొన్న జట్టులో చేరిన పదునాలుగేండ్ల బాలికకు ఆ సాధన యెక్కడిది?

అలసిన బాలిక యెగురు ఎత్తు తగ్గుట పెద్ద నష్టము కాదు. ప్రమాద మంతయు దిగుటలో నున్నది. దిగునప్పుడు కాళ్లపై శరీరపు బరువునకు కొన్ని రెట్ల భారము పడును. కండలు చురుకుగా నున్నచో మోకాళ్లు మెత్తగా వంగి దాని నాపును. లేనిచో మోకాళ్లు కఱ్ఱలవలె నిలుచును, లేదా ఒకదానివైపొకటి లోపలికి వాలును. మోకాలి లోపల ఎముకలను పట్టియుంచు బంధము తెగుట తరచుగా ఇట్టి దిగుటలోనే. ఒకే ఆట యాడు బాలురకంటె బాలికలకు ఈ దెబ్బ రెండు మూడు రెట్లు, కొన్ని యాటలలో అంతకు మించియు తగులుచున్నది. అలసట యొక్కటే దీనికి కారణమని పరిశోధకులు నిర్ధారింపలేదు. అయినను చక్కగా దిగుట నేర్వని పిల్లచేత అలసిన పిమ్మట ఎగిరించుట వివేకము కాదు. ఓడిన జట్టుచేత శిక్షగా కప్పగంతులు వేయించు ఆచార మింకను కొన్ని బడులలో కలదు. తల్లులు దీనిని నిర్మొగమాటముగా అడ్డుకొనవలెను.

అలసటను కొలుచుటకు యంత్ర మక్కరలేదు. అమెరికాలో స్త్రీలకు వ్యాయామవిద్య నేర్పిన సార్జెంటు 1921లో ప్రకటించిన పరీక్ష నేటికిని నడచుచున్నది. పిల్ల గోడ ప్రక్కను నిలిచి చేయి చాచి యొక గుర్తు పెట్టవలెను. వ్రేళ్లకు ముగ్గుపిండి యద్దుకొని యెగిరి మరియొక గుర్తు పెట్టవలెను. రెంటి నడిమి దూరమే ఆమె గంతు. అలసట లేనినాడు మూడుమార్లు చూచి వ్రాసి యుంచుడు. అభ్యాసము నడుమ మరల చూడగా పదవవంతు తగ్గినచో ఆనాటికి గంతులు చాలునని మా సలహా. చెవియు నుపయోగించుడు: పిల్లి దిగినట్లు దిగవలసినది ధబ్బుమని దిగుచున్నచో కాళ్లు సెలవడుగుచున్నవన్నమాట.

ఎంత విశ్రమించినను అలసట తీరని బాలికకు రక్తపరీక్ష చేయింపవలెను. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 మొదలు 19 ఏండ్ల బాలికలలో నూటికి 59 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఇనుము తక్కువైన పిల్లను మందలించిన లాభమేమి? ఆకుకూరలు, పప్పులు, తినువారికి మాంసము, తోడుగా నిమ్మయో జామయో పెట్టుడు. భోజనముతో కాఫీ, టీ లీయకుడు. మాత్రలు వైద్యుని సలహాపై వాడవలెను.

కాళ్లకు సాధన యెట్లనగా, వారమునకు రెండు మూడు దినములు, ఆటకు ముందు పదునైదు నిమిషములు చాలును. నిదానముగా గుంజీలు, ఒంటికాలిపై నిలుచుట, చిన్న పీటమీదినుండి దూకి మోకాళ్లు పాదముల వ్రేళ్లవైపే వంగునట్లు దిగుట. ఇట్టి సాధన చేసిన బాలికలలో మోకాలి బంధము తెగుట సుమారు సగమునకు తగ్గినట్లు పరిశోధనలు చెప్పుచున్నవి. దిగునప్పుడు మోకాలిలో టప్పుమని చప్పుడై కొన్ని గంటలలో వాచినచో మాత్రము తోముటయు లాగుటయు కూడదు. కాలు కదల్పక యెముకల వైద్యునకు చూపవలెను.