పరుపూ పరువూ

నల్లులున్నాయని చెప్పాల్సొస్తే మనవాళ్ళు గొంతు తగ్గిస్తారు. షుగరుందని బస్సులో పక్కసీటాయనకి చెప్తాం. ఇంటి లోను ఇంకా ఎన్నేళ్ళుందో చెప్తాం. విడాకుల మీద కథలే రాసేస్తున్నాం. నల్లి దగ్గరకొచ్చేసరికి మాత్రం "హాస్టల్లో కొంచెం పురుగుల ప్రాబ్లం ఉంది" అంటాం. ఏ పురుగులు? "అదే..." అంతే, వాక్యం అక్కడ ఆగిపోతుంది. ఆ ఆగిపోయిన వాక్యం మీద చాలామంది వ్యాపారం నడుస్తోందన్నదే నా గొడవ.

హైదరాబాదులో అమీర్‌పేట, ఎస్సార్ నగర్, మాదాపూర్, గచ్చిబౌలి, ఏ సందులోకెళ్ళినా హాస్టల్ బోర్డులే. వైఫై ఉందా, ఆదివారం చికెన్ పెడతారా, గేటు ఎన్నింటికి వేస్తారు, ఇవన్నీ అడుగుతాం. పరుపు వయసెంత అని అడగం. కోచింగుకొచ్చిన కుర్రాడు ఆర్నెల్లకి వెళ్ళిపోతాడు, ఉద్యోగమొచ్చిన అమ్మాయి ఏడాదికి మారిపోతుంది, పరుపు మాత్రం అక్కడే పడుంటుంది. పైన దుప్పటి మారుతుంది. దాని కిందున్న ఫోమ్ ఎంతమందిని మోసిందో ఓనరుకే గుర్తుండదు. రెండోవారంలో చేతులమీద వరసగా ఎర్రటి దద్దుర్లు తేలి, మీరు కిందికెళ్ళి అడిగారనుకోండి. జవాబు దాదాపు ప్రతిచోటా ఒకటే: "ఇన్నాళ్ళూ ఎవరూ కంప్లైంట్ చెయ్యలేదండీ. మీ బ్యాగులో వచ్చాయేమో చూస్కోండి."

చాలా తెలివైన మాట ఇది. మొదటి ముక్క నిజమే కావచ్చు, ఎవరూ కంప్లైంట్ చేసుండరు. ఎందుకంటే అడగబోయిన ప్రతివాడికీ రెండో ముక్క వినిపించి ఉంటుంది. సిగ్గుపడి పైకెళ్ళిపోయి, సొంత డబ్బుతో స్ప్రే డబ్బా కొనుక్కుని, రాత్రి లైటేసుకుని ఒక్కడే వేటాడుంటాడు. పక్కగదిలోవాడూ అదే పని చేస్తున్నాడని ఇతనికి తెలీదు.

నల్లికి మురికితో పని లేదు. దాని తిండి రక్తం ఒక్కటే. బొద్దింకలా మెతుకుల కోసం రాదు, ఎలుకలా చెత్తబుట్ట వెతకదు. మనం వదిలే ఊపిరీ, ఒంటి వేడీ దానికి దారి చూపిస్తాయి. రోజుకి రెండుపూటలా స్నానం చేసేవాడు కూడా ఊపిరి వదుల్తాడు కదా. నల్లి ఎగరలేదు, దూకలేదు. నడిచొస్తుంది, లేకపోతే ఏదో ఒకటి ఎక్కి వస్తుంది: సూట్‌కేసు, బస్సు సీటు, సెకండ్‌హ్యాండ్ సోఫా. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం కొన్న పాత పుస్తకం అట్టలో కూడా రాగలదు. (ఇది చదివి కొనడం మానకండి, గుమ్మం బయట ఓసారి విదిలించి లోపలికి తెచ్చుకోండి.) పగలంతా పరుపు కుట్లలో, మంచం కీళ్ళలో, స్విచ్‌బోర్డు వెనకాల నక్కి ఉంటుంది. రాత్రి వచ్చి ఐదు పది నిమిషాలు తాగి వెళ్ళిపోతుంది. పిల్లనల్లి పెద్దదయ్యేలోపు ఐదుసార్లు కుబుసం విడవాలి, ప్రతిసారికీ ఒక పూట రక్తం కావాలి. పెద్దయ్యాక మాత్రం ఏమీ తినకుండా నెలల తరబడి బతుకుతుంది, కాబట్టి గదికి నాలుగు వారాలు తాళం వేసినంత మాత్రాన చావవు. మగనల్లితో కలిసిన ఒక్క ఆడనల్లి చాలు, గది నిండిపోవడానికి. ఆ ఒక్కటీ ఎవరి బ్యాగులో వచ్చిందో తేల్చడం ఎవరివల్లా కాదు. తేలదని తెలిసే ఆ ప్రశ్నని మనమీదికి విసురుతారు.

పంచతంత్రంలో ఒక కథుంది. రాజుగారి పడకలో మందవిసర్పిణి అనే పేను కాపురం ఉంటుంది. రాజు గాఢనిద్రలో ఉన్నప్పుడు, తెలీకుండా, కొంచెం కొంచెం తాగి బతుకుతుంటుంది. ఒకనాడు అగ్నిముఖుడనే నల్లి అతిథిగా దిగుతాడు. రాజరక్తం ఎలా ఉంటుందో రుచి చూడాలంటాడు. ఆగు, నిద్రపోనీ అని పేను బతిమాలినా వినడు, రాజు కళ్ళు మూయకముందే కుడతాడు. రాజు లేచి కేకేస్తాడు. భటులు దీపాలు పట్టుకొచ్చి పక్కంతా వెతుకుతారు. నల్లి పరుగెత్తి మంచం సందులో దూరిపోతాడు. దొరికింది పేను, చచ్చిందీ పేనే. ముక్కూమొహం తెలీనివాళ్ళకి చోటివ్వకూడదన్న నీతి చెప్పడానికి దీన్ని వాడుకున్నారు గానీ, నాకు అందులో కనిపించేవి వేరే. ఒకటి, అది రాజుగారి పక్క. పట్టుదుప్పట్లు, సేవకులు, అన్నీ ఉన్నాయి, నల్లీ ఉంది. రెండు, దీపం పట్టుకున్నవాళ్ళకి అసలు దొంగతో పనిలేదు, ఎవరో ఒకరు దొరికితే చాలు. హాస్టల్లో ఆ ఎవరో ఒకరు, నోరు విప్పిన మొదటి మనిషి.

మన దగ్గర శుభ్రం అనే మాట ఏనాడూ సబ్బుతో ఆగలేదు. "శుభ్రంగా ఉండేవాళ్ళకే ఇస్తామండీ" అని ఇంటి ఓనరు అన్నప్పుడు ఆ వాక్యం వెనక ఇంటిపేరు ఉంటుంది, ఊరు ఉంటుంది, వంటింట్లో ఏం ఉడుకుతుందన్నది ఉంటుంది. కులం అడగడం మర్యాద కాదని తెలిసినవాళ్ళు శుభ్రత గురించి అడుగుతారు. అందుకే కుటుంబంలో అందరికన్నా ముందు సిటీకొచ్చి, ఆఫీసులో ఏసీ కింద కూర్చున్న పిల్ల మే నెలలో కూడా ఫుల్ హ్యాండ్స్ వేసుకొస్తుంది. ఆమెకి దురద ఒక బాధ, ఆ దద్దుర్లు చూసి పక్కసీటువాళ్ళు ఏం లెక్కలేసుకుంటారోనన్నది రెండో బాధ. ఈ రెండో బాధకి ఏ మందుల షాపులోనూ ఆయింట్‌మెంట్ దొరకదు.

ఇక నులక మంచం బ్యాచ్ ఒకటుంది. మా అమ్మమ్మల కాలంలో ఈ ఫోమ్ పరుపులు లేవు, ఈ నల్లులూ లేవు అంటారు. పచ్చి అబద్ధం. నులక అల్లిక నల్లులకి అపార్ట్‌మెంటు. మంచాన్ని ఎండలోకి లాగి, తిరగేసి నేలకేసి కొట్టడం, పట్టెల కీళ్ళలో మరుగుతున్న నీళ్ళు పొయ్యడం, సందుల్లో కిరోసిన్ పూయడం వేసవి పనుల్లో భాగంగా ఉండేవి. లక్ష్మి తామరలో, శివుడు మంచుకొండ మీద, విష్ణువు పాలసముద్రంలో పడుకునేది నల్లుల భయంతోనేనని సంస్కృతంలో చాటువే ఉంది. ఆ తరంలో మెచ్చుకోవాల్సింది ఒకటుంటే, వాళ్ళు ఆ పని నలుగురూ చూస్తుండగా వాకిట్లో చేశారు.

దూదిపరుపుకి ఇంకో గుణం ఉండేది. దాన్ని విప్పొచ్చు. కొన్నేళ్ళకోసారి దూదేకులవాళ్ళు వింటితో వచ్చేవాళ్ళు. గడ్డకట్టిన దూదిని బయటికి తీసి, ఏకి, దుమ్ము పోగొట్టి, మళ్ళీ నింపి కుట్టేవాళ్ళు. లోపల ఏముందో ఇంటివాళ్ళకి తెలిసేది. (మన పక్కల్ని బాగుచేసిన ఆ మనుషుల కులం పేరుని సామెతల్లో వెక్కిరింతకి వాడుకున్నాం. శుభ్రం చేసేవాళ్ళని శుభ్రం కానివాళ్ళుగా లెక్కెయ్యడం మనకి కొత్తేం కాదు.) ఇప్పటి ఫోమ్ పరుపు విప్పలేం, ఉతకలేం. రోజుల తరబడి ఎండబెడితే ఆ ఫోమే పసుపెక్కి పొడి రాలుతుంది. లోపల ఏముందో కొన్నవాడికీ తెలీదు, దానిమీద పడుకున్నవాడికీ తెలీదు.

ఆ తెలీనితనం మీద పరుపుల కంపెనీలు ఇంకో భయం అమ్ముతాయి. పదేళ్ళలో మీ పరుపు బరువు రెట్టింపవుతుంది, ఆ బరువంతా మైట్స్‌దే అంటారు. దీనికి ఆధారం లేదు. మైట్స్ ఉన్నమాట నిజం. కంటికి కనపడనంత చిన్న జీవులు, మన ఒంటినించి రాలిన చర్మపు పొట్టు తింటాయి, కుట్టవు. వాటి రెట్టలవల్ల కొందరికి పొద్దున లేవగానే తుమ్ములు, ఆస్తమా ఉన్నవాళ్ళకి పిల్లికూతలు. వాటికి గాలిలో తేమ కావాలి. విశాఖలోనో కాకినాడలోనో కిటికీలు మూసేసి బతికే గదుల్లో హాయిగా ఉంటాయి. దుప్పట్లూ గలీబులూ వారానికోసారి వేణ్ణీళ్ళలో ఉతకడం, పరుపుకి దగ్గరి నేతున్న జిప్పు కవరు తొడగడం, పొద్దున లేవగానే పక్క సర్దెయ్యకుండా కాసేపు గాలి తగలనివ్వడం, దాదాపు ఇంతే పని. షాంపూ పెట్టి పరుపు కడుగుతామని వచ్చే సర్వీసులు లోపల చెమ్మ వదిలిపెట్టి పోతే, డబ్బిచ్చి మైట్స్‌కి నీళ్ళు పోయించుకున్నట్టే. మైట్స్ వేరు, నల్లులు వేరు. ఒకదాని భయం చూపించి రెండోదానికి మందమ్మడం, రెండూ కలిపి కొత్త పరుపు అంటగట్టడం వ్యాపారం.

స్ప్రేల సంగతి చూద్దాం. రెండో ప్రపంచయుద్ధం తర్వాత డీడీటీతో నల్లుల కథ ముగిసిందనుకున్నారు. 1947లోనే హవాయిలోని పెర్ల్ హార్బర్ బ్యారక్స్‌లో దానికి లొంగని నల్లులు కనపడ్డాయి. ఆ తర్వాత వచ్చిన పైరెత్రాయిడ్ మందులకీ అదే గతి పట్టింది. మనం షాపులో కొనే డబ్బాల్లో చాలావాటిలో ఉండేవి ఇవే. లొంగనివి లొంగవు సరే, వాసన తగిలి చెదిరిపోయి గోడ సందుల్లోంచి పక్కగదికెళ్తాయి. మనం రాత్రంతా ఆ మందు కొట్టిన పరుపుమీదే ముక్కు ఆనించి పడుకుంటాం. ఇంతకన్నా ఘోరం ఇంకోటుంది. ధాన్యం నిల్వకి వాడే అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళల్ని గదుల్లో పెట్టడం. గాలిలో తేమ తగిలితే వాటినించి ఫాస్ఫీన్ వాయువు వస్తుంది. దానికి విరుగుడు లేదు. నల్లుల కోసం ఇళ్ళల్లో విషపు మందులు పెట్టి మనుషులు, పసిపిల్లలు చనిపోయిన వార్తలు మన దేశంలో వచ్చాయి. నల్లి రోగాలు మోసుకొస్తుందని ఇంతవరకూ ఎక్కడా నిర్ధారణ కాలేదు. అలాంటి పురుగుని గుట్టుగా, ఎవరికీ తెలీకుండా, చవగ్గా వదిలించుకోవాలన్న తొందరలో మాత్రం ప్రాణాలు పోతున్నాయి. పరువు ఖరీదు అంతవరకూ వెళ్ళింది.

అలాంటప్పుడు ఇది ఎవరి బాధ్యత? న్యూయార్కులో 2010 నించీ, కొత్తగా అద్దెకి దిగేవాళ్ళకి ఆ ఇంట్లోనూ ఆ బిల్డింగులోనూ గత ఏడాదిలో నల్లులున్నాయో లేదో ఓనరు రాసివ్వాలి. ఫ్రాన్సులో 2018 చట్టం ప్రకారం పురుగుల బెడద లేని ఇల్లు ఇవ్వడం ఓనరు బాధ్యత. చట్టం ఉన్నంత మాత్రాన నల్లులు పోలేదు, 2023లో పారిస్ గగ్గోలు అందరం చూశాం. కానీ అక్కడ ఆ మాట పైకి అనగలిగారు, పార్లమెంటులో అరవగలిగారు. మన కేంద్రం 2021లో ఇచ్చిన మోడల్ టెనెన్సీ యాక్టులో ఏ రిపేరు ఎవరు చేయించాలో పట్టికలున్నాయి. సున్నం వేయించడం ఓనరు పని, కుళాయి వాషరూ తలుపు గొళ్ళేలూ ఈగల జాలీ మార్చడం అద్దెకున్నవాడి పని. ఈగల జాలీ దాకా ఆలోచించినవాళ్ళకి నల్లి గుర్తుకు రాలేదు. హోటళ్ళూ లాడ్జింగులూ అయితే అసలు ఆ చట్టం పరిధిలోకే రావు.

చట్టం వచ్చేదాకా కుట్టించుకుంటూ కూర్చోమనను. అడ్వాన్సు ఇచ్చే ముందే పరుపు నాలుగు మూలలూ ఎత్తి చూడండి. ఫోన్ లైటుతో కుట్టు వెంబడి చూస్తే సిరాచుక్కల్లాంటి నల్లటి మచ్చలు, విడిచేసిన కుబుసాలు కనిపిస్తాయి. ఇనపమంచమే కదా అని ధీమా వద్దు, గొట్టాల కన్నాలు చూడండి. వార్డెన్ మొహం మాడ్చుకుంటే మాడ్చుకోనివ్వండి. తర్వాత కనిపిస్తే ఫోటో తీసి, మీకు సొంతంగా చెప్పుకోకుండా హాస్టల్ వాట్సాప్ గ్రూపులో అందరికీ పెట్టండి, "నల్లులు" అనే మాటతోనే. ఒక్క గదిలో మందు కొట్టించడం దండగ. అటూ ఇటూ పైనా కిందా ఉన్న గదులన్నీ ఒకేరోజు చెయ్యాలి. గుడ్లు బతికిపోతాయి కాబట్టి రెండువారాలకి మళ్ళీ చెయ్యాలి. ఆ ఖర్చు ఒక్క మనిషి పెట్టుకోలేడు, పెట్టుకోకూడదు. బట్టలు 60 డిగ్రీల నీళ్ళలో ఉతికితే నల్లులూ గుడ్లూ చస్తాయి. పరుపుకి జిప్పు కవరు తొడిగి ఏడాదిదాకా తియ్యకపోతే లోపలున్నవి లోపలే చస్తాయి. బేకింగ్ సోడా, కలరా ఉండలు, లావెండర్ నూనె, ఇవన్నీ రీల్స్‌లో చూసి ఆనందించడానికి పనికొస్తాయి.

ఇక దేనికీ పనికిరాదని తేల్చి పరుపు పారేసే రోజొస్తుంది. దాన్ని అపార్ట్‌మెంటు గేటు దగ్గర గోడకి ఆనించి పోతారు చాలామంది. సాయంత్రానికి అది మాయమవుతుంది. వాచ్‌మన్ గదిలోకో, రోడ్డవతల కట్టుబడి కూలీల రేకుల షెడ్డులోకో వెళ్తుంది. అక్కడ ముగ్గురు పిల్లలు దానిమీద పడుకుంటారు. ఆరునెలలు తిరక్కుండా అదే బిల్డింగులో "ఆ షెడ్లవాళ్ళ దగ్గర్నించే మనకి నల్లులొస్తున్నాయి" అని అసోసియేషన్ మీటింగులో ఒకాయన అంటాడు. మీరు పారేసే పరుపుని కిందికి దించే ముందే ప్లాస్టిక్ షీటులో చుట్టి టేపు వెయ్యండి. కత్తి తీసుకుని ఈ చివర్నించి ఆ చివరికి రెండు గాట్లు పెట్టండి, ఎవరూ పడుకోడానికి వీల్లేకుండా. పైన మార్కరుతో పెద్ద అక్షరాల్లో, తెలుగులోనూ హిందీలోనూ రాయండి: నల్లులు.