లెక్కల ముచ్చట్లు: తప్పున్నది సరే, ఎక్కడ?

చదరంగపు గళ్ళలో గింజలు పోసిన కథ మన ఇండ్లలో పిల్లలందరకూ తెలిసినదే గదా. మొదటి గడిలో ఒక గింజ, రెండవదానిలో రెండు, మూడవదానిలో నాలుగు, ఇట్లా రెట్టింపు చేసికొంటూ 64 గళ్ళు నింపబోతే రాజుగారి గాదెలు చాలలేదు. ఆ పలకకు మరి మూడు గళ్ళు చేర్చి, 67 గళ్ళలోని గింజలన్నీ కూడితే వచ్చే మొత్తం ఇది:

147573952589676412927

ఇరవైయొక్క అంకెలు. రెళ్ళు 67 వేసి వరుసగా హెచ్చవేసి, అందులో ఒకటి తీసివేసినా ఇదే వస్తుంది.

1644లో మెర్సెన్ అనే ఫ్రెంచి క్రైస్తవ సన్యాసి దీనిని ప్రధాన సంఖ్య అన్నారు. అనగా ఒకటితోను, తనతోను తప్ప మరి దేనితోను నిశ్శేషంగా భాగింపబడనిది. ఆ మాట సరికాదని తేలడానికి రెండువందల యేండ్లకు పైగా పట్టింది. 1876లో లూకా అనే ఫ్రెంచి గణితజ్ఞులు ఇది ప్రధాన సంఖ్య కాదని చూపారు. విచిత్రమేమంటే, ఏ సంఖ్యతో భాగింపబడుతుందో మాత్రం ఆయన పద్ధతిలో బయటపడదు.

అదెట్లా అని చదువరులు అడగవచ్చు. మావంటి గుమాస్తాలకు ఇది వింతగా తోచదు. జమాఖర్చుల మొత్తాలు సరిపడలేదంటే ఎక్కడో తప్పున్నదని ఆ క్షణమే తెలుస్తుంది. ఏ పేజీలో, ఏ పద్దులో అన్నది తెలియదు. దానికై దీపాలు పెట్టేదాకా కూర్చోవలసిందే. మొత్తం సరిపడలేదని లూకా చెప్పారు. పద్దు దొరకడానికి మరి 27 ఏండ్లు పట్టింది.

దానిని పట్టినవారు అమెరికా ప్రొఫెసరు కోల్. 1903 అక్టోబరు 31న న్యూయార్కులో గణితజ్ఞుల సభలో ఆయన నల్లబల్లపై ఆ ఇరవైయొక్క అంకెలూ లెక్కగట్టి, ప్రక్కన 193707721ని 761838257287తో హెచ్చవేసి, రెండూ ఒకటే కాగా నోరు విప్పకుండా వచ్చి కూర్చున్నారనీ, సభవారు చప్పట్లు కొట్టారనీ చెప్పుకొంటారు. ఈ పనికి మూడేండ్ల ఆదివారాలు పట్టినవట.

గుడ్డిగా వెదికే పని కాదిది. ఈ సంఖ్యను భాగించే దేనినైనా 67కు రెట్టింపైన 134 చేత భాగిస్తే ఒకటే మిగలాలని నియమమున్నది. 193707721లో ఒకటి తీసి 134 చేత భాగించి చూడండి. సరిగా 1445580 వస్తుంది.

హెచ్చవేతను తొమ్మిదుల తీసివేతతో పరీక్షింపవచ్చు. మొదటిదాని అంకెల మొత్తం 37, రెండవదానిది 64, లబ్ధానిది 109. మూడింటినీ కుదిస్తే ఒకటే. ఒకటొకట్ల ఒకటి, సరిపడింది. అయితే అంకెలు తారుమారైతే ఈ పరీక్ష పట్టలేదు. సరిపడకపోతే తప్పు నిశ్చయం. సరిపడినంత మాత్రాన ఒప్పు నిశ్చయం కాదు.

వెదకడానికి మూడేండ్ల ఆదివారాలు, సరిచూడడానికి ఒక్క సాయంకాలం. ఈ తేడా మీదనే 1977లో ఆర్.ఎస్.ఎ. అనే రహస్య లిపిని కట్టారు. రెండు పెద్ద ప్రధాన సంఖ్యలను హెచ్చవేయడం సులువు, లబ్ధాన్ని తిరిగి విడదీయడం కష్టం. కోల్ గారి సంఖ్య నేటి కంప్యూటరుకు క్షణంలో పని గనుక, అందులో వందలాది అంకెల సంఖ్యలను వాడుతారు.

ఈ ఆదివారం పిల్లలను కూర్చోబెట్టుకొని ఈ హెచ్చవేత చేసి చూడండి. వారు బడి భాషలో ఎక్కాలు చెప్పుకొన్నా, మీరు తెలుగులో చెప్పుకొన్నా చివరకు రావలసినవి ఆ ఇరవైయొక్క అంకెలే. రాకపోతే, తప్పెక్కడున్నదో వెదకడమంటే ఏమిటో ఇంటిల్లిపాదికీ తెలిసివస్తుంది.