ఉంగరాల కురులపై ఈ దండయాత్ర యేల?

వంకీలు తిరిగిన జుట్టును మనవారు తరతరములుగా ఉంగరాల జుట్టనియే పిలిచిరి. మెచ్చుకోలు ఆ పేరులోనే యున్నది. కోలారు బంగారు గనులు 2001లో మూతపడినవి. ఈ ఉంగరములు మాత్రము మనకు మిగిలినవి. మన కావ్యములలో నాయిక కుటిలాలక, అరాళకుంతల. అట్టి జుట్టు నేడు రాబర్ట్‌సన్‌పేట మొదలు బెంగుళూరు వరకు చికిత్స చేయవలసిన రోగమైనది. పెండ్లిచూపులకు ముందు పిల్లను పార్లరుకు పంపుటయు సంబంధము కుదుర్చుటలో భాగమైనది. దీనిని నాగరికత యనువారితో నేను ఏకీభవింపజాలను.

ముందుగా నీటి సంగతి. కోలారు జిల్లాలో ఏడాది పొడుగునా పారు నది లేదు. చెరువులు ఎండినకొలది బోరుబావులు లోతెక్కినవి. ఆ నీరు చాలచోట్ల కఠినజలము. అందలి కాల్షియము, మెగ్నీషియములు సబ్బుతో కలిసి, కరగని తెట్టుగా మారి వెండ్రుకను పట్టుకొనును. బిడ్డ తల గరుకైనదని, చిక్కు విడుట లేదని విలపించు తల్లులు నిందింపవలసినది జుట్టును గాదు, బక్కెటలోని నీటిని. కుంకుడు నురుగు ఆ నీటిలో అట్టి తెట్టు కట్టదు. (చిన్ననాడు ఆ రసము కండ్లలో పడి ఏడ్చిన జ్ఞాపకము చేతనే కాబోలు దానిని విడిచితిమి!)

ఇక సీసాల సంగతి. జుట్టుపై పూతగా నిలిచి, తలంటుతో పోవు సిలికోను సీరములతో నాకు పేచీ లేదు. నా పేచీ వెండ్రుక రూపమునే మార్చు మందులతో. కెరటిన్ చికిత్స యను పేరు చూచి అది పోషణయని భ్రమింపరాదు. అట్టి మందులు పెక్కింట పనిచేయునది ఫార్మాల్డిహైడ్. మానవులకు క్యాన్సరు కలిగించునని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో నిర్ణయించిన పదార్థమది. అది లేదను చీటీని నమ్ముటయు కష్టమే. 2011లో అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరించిన బ్రెజిలియన్ బ్లోఅవుట్ సీసాపై అట్టి చీటీయే యుండెను. లోపల ఫార్మాల్డిహైడ్ ద్రవరూపమైన మిథిలీన్ గ్లైకాల్ 8.7 నుండి 10.4 శాతము వరకు కనబడెను.

దానికి బదులుగా వచ్చిన గ్లయాక్సిలిక్ ఆమ్లమో? ఫ్రాన్సు వైద్యులు 2024లో ప్రకటించిన ఉదంతమున, ఒక 26 ఏండ్ల యువతికి 2020, 2021, 2022లలో జుట్టు చదును చేయించుకొన్న ప్రతిసారియు మూత్రపిండములు దెబ్బతినెను. అమెరికాలో 33,497 మంది స్త్రీల వివరములు పరిశీలించి 2022లో వెలువరించిన అధ్యయనము, ఇట్టి మందులు తరచుగా వాడినవారిలో గర్భాశయ క్యాన్సరు రెట్టింపునకు మించి కనబడెనని తెలిపెను. మందులే కారణమని దానితో రుజువు కాలేదు, నిజమే. రుజువగు వరకు మన పిల్లల తలలనే పరీక్షకు ఒప్పగింపవలెనా?

ఇంత చేసినను, నెలకు సుమారు ఒక సెంటీమీటరు చొప్పున కొత్త జుట్టు ఉంగరములు తిరుగుచునే వచ్చును. వెండ్రుక మొలచు కుదురు ఆకారమే అట్టిది. పెండ్లిచూపుల నాటి జుట్టు సీమంతము నాటికి నిలువదు. మరల పార్లరు, మరల పొగ.

తప్పదనువారు సీసా వెనుక అక్షరములు చదువవలెను. ఫార్మలిన్, మిథిలీన్ గ్లైకాల్, గ్లయాక్సిలిక్ ఆమ్లము అను పేర్లలో ఏదున్నను కుర్చీ నుండి లేచి రావలెను. పెద్ద డబ్బా నుండి గిన్నెలో పోసి తెచ్చిన పేరులేని మందును తలకు తాకనీయరాదు.