కనిపించిన గుట్ట ఎక్కే ఆట అడిగిన తమ్ముడికి



మొన్న మన గ్రూపులో పెంబి వైపు తమ్ముడొకడు ఒక ప్రశ్న అడిగిండు. "అన్నా, జపాన్ వాళ్ల ఓపెన్ వరల్డ్ ఆర్పీజీ గేములు మంచివి ఏమున్నయో చెప్పుర్రి. లోపలికి పోతే వేరే లోకంల ఉన్నట్టు అనిపించాలె. కనిపించిన గుట్ట ఎక్కనియ్యాలె" అని. దానికి వచ్చిన జవాబులు మీరు చూసే ఉంటరు. "ముందు గ్రూప్-4 చదువు", "ఆ ఫోన్ మీ నాయినకు ఇచ్చెయ్" అని ఒకటే నవ్వుడు. రెండు రోజులకు తమ్ముడు ఆ ప్రశ్న తీసేసిండు.

మేము నిర్మల్‌ల రూం తీసుకుని చదువుకుంటున్న నలుగురం. ఇద్దరం గోండులం, ఒకరు కొలాం, ఒకరు నాయకపోడు. మేమూ పరీక్షలకే చదువుతున్నం, మేమూ గేములు ఆడుతం. ఆ తమ్ముడు అడిగిన దాంట్లో నవ్వేటిది ఏమీ లేదని చెప్పడానికే ఇంత పొడుగు రాస్తున్నం. అతను అడిగిన దానికి జవాబు కూడా ఇందులోనే ఇస్తున్నం.

తెలియని పెద్దల కోసం ఒక మాట. ఆర్పీజీ అంటే మనమే కథలో ఒక మనిషిగా మారి, దోస్తులను కూడగట్టుకుని, బలం పెంచుకుంటూ పోయే ఆట. ఓపెన్ వరల్డ్ అంటే ఆటలో చూపించిన నేలంతా తిరగనిచ్చేది. ఇటే పోవాలని గోడ కట్టదు. వాగు కనిపిస్తే దాటొచ్చు, గుట్ట కనిపిస్తే ఎక్కొచ్చు.

ఇప్పుడు చెప్పండి, ఈ కోరిక మన పిల్లలకు ఎక్కడిది? మన తాతలు ఇప్పపువ్వు కాలంల ఒక దిక్కు, తునికాకు కాలంల ఇంకో దిక్కు తిరిగినోళ్లు. ఏ మలుపుల ఏ చెట్టు ఉన్నదో చీకట్ల కూడా చెప్పేటోళ్లు. కవ్వాల్ 2012ల పులుల అభయారణ్యం అయ్యింది. అడవి నడుమ ఉన్న రాంపూర్, మైసంపేట ఊళ్లు ఖాళీ అయ్యి కొత్త మద్దిపడగ దగ్గరికి వచ్చినయి. పులి బతకాలె, దాని మీద మాకు పేచీ లేదు. రోడ్డు దగ్గర, దవాఖాన దగ్గర ఉండాలని కోరుకున్న ఇండ్లు కూడా ఉన్నయి. కానీ గేటు అవతల గుట్ట కనిపిస్తున్నా ఎక్కడానికి లేని పిల్లగాడు, ఎక్కనిచ్చే ఆట ఏదని అడిగితే, అది పని లేనోడి ప్రశ్న అని మేమైతే అనం.

సరే, గేముల సంగతికి వద్దం.

గుట్ట ఎక్కుడు అంటే ముందు చెప్పాల్సింది 'జెల్డా: బ్రెత్ ఆఫ్ ది వైల్డ్'. నింటెండో 2017 మార్చిల తెచ్చింది. 2023ల దాని తర్వాతి భాగం 'టియర్స్ ఆఫ్ ది కింగ్డమ్' వచ్చింది. ఇది అసలు ఆర్పీజీ కాదని వాదించేటోళ్లు ఉన్నరు, ఆ పంచాయితీ మనకెందుకు? వాన పడితే బండ జారుతది, ఎక్కలేం. చలి కొండ మీద మందం బట్టలు లేకపోతే పానం పోతది. ఇంత నిజంగా ఉంటది. కష్టం ఏందంటే దానికి నింటెండో మిషనే కావాలె. హాస్టల్ పిల్లలు కొనేటిది కాదు.

కంప్యూటర్ ఉన్నోళ్లకు మా మొదటి మాట 'డ్రాగన్స్ డాగ్మా: డార్క్ అరైజన్'. జపాన్ కంపెనీ క్యాప్‌కామ్‌ది. పాత గేము, కంప్యూటర్‌కు 2016ల వచ్చింది, అప్పుడప్పుడు బాగా తక్కువ ధరకు దొరుకుతది. ఇందులో రాత్రి అంటే రాత్రే. నడుముకు లాంతరు కట్టుకోవాలె, నూనె అయిపోతే ఏమీ కనిపించదు. అమావాస్య నాడు కరెంటు పోయిన గూడెం గుర్తొస్తది. అందులో సాయంత్రం అయితుంటే ఊరు ఎటు ఉన్నదని వెతుక్కున్న భయం మాకు వేరే ఏ గేములనూ రాలేదు.

'ఎల్డెన్ రింగ్' 2022ల వచ్చింది, ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ వాళ్లది. లోకం పెద్దది, అందమైనది, దయ లేనిది. మంచి కంప్యూటర్ కావాలె, అంతకంటే ఎక్కువ ఓపిక కావాలె. పరీక్షల ముందు మాత్రం ముట్టుకోవద్దు.

పైసలు లేనోళ్లకు ఒక ఉపాయం. 'డ్రాగన్ క్వెస్ట్ 11 ఎస్' గేముకు స్టీమ్‌ల ఉచిత డెమో ఉన్నది. దాదాపు 10 గంటల ఆట అది. తర్వాత కొంటే అక్కడి నుంచే కొనసాగించొచ్చు. పూర్తి ఓపెన్ వరల్డ్ కాదు గానీ విశాలంగా ఉంటది.

ఫోన్ ఒక్కటే ఉన్నదా? 'డ్రాగన్ క్వెస్ట్ 8' ఉన్నది. 2004ల ప్లేస్టేషన్ 2 కోసం చేసిన గేము, తర్వాత ఫోన్లకు కూడా వచ్చింది. ఫోన్ నిలువుగా పట్టుకుని ఒక చేత్తో ఆడొచ్చు. శాపం తగిలిన రాజు, గుర్రంగా మారిన రాజు బిడ్డ, వాళ్లతో పాటు ఊరూరా తిరుగుడు. ఒక్కసారి పైసలు కడితే అయిపోతది. కొనే ముందు మీ ఫోన్ల నడుస్తదో లేదో చూసుకోండి.

'గెన్షిన్ ఇంపాక్ట్' చాలామంది ఆడుతున్నరు. చూడ్డానికి జపాన్ బొమ్మల్లెక్క ఉంటది గానీ చేసింది చైనా కంపెనీ, 2020ల వచ్చింది. లోకం నిజంగానే పెద్దది, తిరగడానికి పైసలు అడగదు. అడిగేటిది కొత్త పాత్రల కోసం. దాన్ని గచా అంటరు. జపాన్ల పైసలు వేస్తే ఏ బొమ్మ పడుతదో తెలియని మిషన్ల పేరు అది. జాతరల లక్కీ డ్రా లాంటిదే. ఒకటి పడకపోతే ఇంకోటి తీయాలనిపిస్తది. మాలో ఒకరు స్కాలర్‌షిప్ పైసలు అట్లనే పోగొట్టుకుని, ఆ నెల మెస్ బిల్లుకు దోస్తుల దగ్గర చేయి చాపిండు. తమ్ముడూ, ఆడితే ఆడు, ఆ గేముకు మాత్రం బ్యాంకు ఖాతా కలపకు.

చివరికి 'ఒకామి'. 2006ల క్యాప్‌కామ్‌కు చెందిన క్లోవర్ స్టూడియో చేసింది. ఇప్పుడు కంప్యూటర్‌ల కూడా దొరుకుతది. కుంచెతో గీసిన బొమ్మల లోకం అది. తోడేలు రూపంలో ఉన్న సూర్యదేవత అమతెరాసు మనమే. ఎండిపోయిన చెట్టు చుట్టూ కుంచెతో గీస్తే పూస్తది. చచ్చిన నేలను మళ్లీ బతికించుడే అందులో సంబురం. ఓపెన్ వరల్డ్ అంటే కొందరు ఒప్పుకోరు గానీ, వేరే లోకంల ఉన్నట్టు కావాలంటే మా నలుగురి ఓటు దీనికే.

ఈ గేములల్ల అంత లోకం ఎక్కడి నుంచి వచ్చింది? మేము తెలుసుకున్న సంగతి ఒకటి చెప్తం. 1986ల మొదటి జెల్డా చేసిన షిగెరు మియామోతో, క్యోటో దగ్గర సోనోబే అనే చిన్న ఊళ్లె పెరిగిండు. చిన్నప్పుడు కొండలల్ల, గుహలల్ల తిరిగిన అనుభవమే ఆ గేము అయ్యిందని ఆయనే చెప్పిండు. 'బ్రెత్ ఆఫ్ ది వైల్డ్' డైరెక్టర్ హిదెమారో ఫుజిబయాషి క్యోటో మనిషి. గేములో ఎంత దూరం నడిస్తే ఎట్ల అనిపిస్తదో తెలుసుకోవడానికి తన ఊరి మ్యాపును ఆ లోకం మీద పరిచి చూసిండు. వాళ్లు ఆకాశం నుంచి కొత్త లోకం దింపలేదు. తాము నడిచిన దారిని గుర్తు పెట్టుకున్నరు, అంతే.

'ఒకామి'ల ఇంకో ముచ్చట ఉన్నది. ఆటల ఉత్తరాన మంచు దేశం వస్తది, పేరు కముయ్. అక్కడ మాస్కులు పెట్టుకునే ఒయినా తెగ ఉంటది. అది జపాన్ ఉత్తరాన ఉన్న ఐనూ ఆదివాసుల నుంచి తీసుకున్నదే. కముయ్ అనేది ఐనూలు తమ దేవతలను పిలిచే మాట. ఐనూలను మూలవాసులుగా చెప్పే చట్టం జపాన్ల వచ్చింది 2019ల. అంటే చట్టం కంటే 13 ఏండ్ల ముందే వాళ్ల దేవుళ్ల పేర్లు గేములకు ఎక్కినయి. బాగానే చూపించిన్రు, కాదనం. కానీ కథ ఐనూలది, గేము ఒసాకా కంపెనీది.

వేరే దారి కూడా ఉన్నది. అలాస్కాల ఇన్యుపియాట్ అనే ఆదివాసులు ఉన్నరు. అక్కడి కుక్ ఇన్లెట్ ట్రైబల్ కౌన్సిల్ ఒక గేము కంపెనీతో కలిసి 2014ల 'నెవర్ అలోన్' తెచ్చింది. జపాన్ గేము కాదు, ఓపెన్ వరల్డ్ కాదు, చిన్న గేము. ఆగని మంచు తుఫాను ఎక్కడ పుడుతున్నదో వెతుక్కుంటూ పోయే ఒక పిల్ల, ఒక తెల్ల నక్క. కథ వాళ్ల పెద్దాయన ఒకాయన చెప్పింది. ఆయన బిడ్డను అడిగి, ఆమె సరే అన్నంకనే తీసుకున్నరు. గేముల కథ చెప్పే గొంతు వాళ్ల భాషలనే వినిపిస్తది.

ఇప్పుడు మన నేల వైపు చూడండి. ప్రతి ఏడూ పుష్య మాసంల మెస్రం వంశం వాళ్లు కేస్లాపూర్ నుంచి కాలినడకన గోదావరి ఒడ్డున హస్తినమడుగుకు పోతరు. ఝరిల గంగ నీళ్లు తెస్తరు. అమావాస్య రాత్రి నాగోబాకు మహాపూజ. గుహల బందీ అయిన పేన్లను పహండి కుపార్ లింగాల్, జంగుబాయి విడిపించిన కథను పర్ధాన్ పెద్దలు కిక్రి వాయిస్తూ చెప్తరు. దీపావళి ముందు దండారి జట్లు ఊరూరా తిరిగి చుట్టరికాలు కలుపుకుంటయి. నడక, తోడు, మొక్కు, చీకటి, వెలుగు అన్నీ ఉన్నయి. జపాన్ గేముల కోసం వెతికే పిల్లగాడికి ఇవి పాత ముచ్చట్లలెక్క అనిపిస్తున్నయంటే తప్పు వానిది కాదు. వానికి ఆ దారి నడిపించినోళ్లు లేరు.

"అయితే నాగోబాను గేముల పెడ్తరా?" అని ఒక పెద్దాయన కోపం చేసిండు. మా మాట ఇది: పెట్టొద్దు. చాలా జపాన్ ఆర్పీజీల చివరికి దేవుణ్ణే కొట్టి గెలవాలె. వాళ్లకు అది కథ. మన పేన్లతోటి అది నడవదు. పూజ పూజల్నే ఉండాలె, బయటికి చెప్పరాని మాట బయటికి రావద్దు. గేముల పెట్టాల్సింది దారి, వాగు, చెట్టు, రాత్రి, తోడు నడిచే మనిషి. ఎక్కడ గీత గీయాలో కటోడ, పటేల్, వంశ పెద్దలు చెప్పాలె. మనం అడగాలె. మనం అడగకుండ ఊకుంటే, అడగకుండనే చేసేటోడు ఏదో ఒక రోజు బయటి నుంచి వస్తడు.

"ఉద్యోగం సంగతి చూడక ఇదంతా ఎందుకు?" అనేటోళ్లకు కూడా ఒక మాట. గేము చేసుడు కూడా ఉద్యోగమే. బొమ్మ గీసేటోడు, పాట కట్టేటోడు, కథ రాసేటోడు, కోడింగ్ చేసేటోడు అందరూ కావాలె. మన జిల్లాలనే బాసర ట్రిపుల్ ఐటీ ఉన్నది, అందులో మన పిల్లలు చదువుతున్నరు. అయినా అందరూ గేములు చేయాలని మేము అంటలేం. అందరం చేయగలిగే పనులు మూడున్నయి.

ఒకటి, ఈ దండారికి ఇంటికి పోయినప్పుడు తాతతోనో అవ్వతోనో ఒక్క దారి నడవండి. చేను దాకా అయినా చాలు. ప్రతి మలుపు, బండ, వాగు పేరు గోండిలనో, కొలామిలనో, వాళ్లు పిలిచే మాటల్నే రాసుకోండి.

రెండు, కథ తెలిసిన పెద్దల గొంతు ఫోన్ల రికార్డు చేయండి. ముందు అడగాలె, ఒప్పుకుంటేనే చేయాలె. పర్ధాన్ పెద్దలకు ఇయ్యాల్సిన మర్యాద ఇయ్యాలె. ఉత్త చేతులతో పోవద్దు.

మూడు, కంప్యూటర్ వచ్చినోళ్లు గోడో అనే సాఫ్ట్‌వేర్ చూడండి, పూర్తిగా ఉచితం. గుంజాల గోండి లిపికి 2018ల యూనికోడ్‌ల చోటు దొరికింది, కాబట్టి తెర మీద మన అక్షరాలు కూడా రాయొచ్చు. పెద్ద లోకం వద్దు. ఒక గూడెం, ఒక వాగు, ఒక గుట్ట చాలు. ఆ గుట్ట మాత్రం ఎక్కనియ్యాలె.

తమ్ముడూ, నీ ప్రశ్న మళ్లీ పెట్టు. డ్రాగన్ క్వెస్ట్ నడిచే ఫోన్ లేకపోతే నిర్మల్ వచ్చినప్పుడు మా రూంకు రా, డ్రాగన్స్ డాగ్మా మా కంప్యూటర్‌ల ఉన్నది. వచ్చేటప్పుడు మీ గూడెం దారి పేర్లు ఒక కాయితం మీద రాసుకుని తే.

జై సేవ.